శ్రీరాములన్న నమ్మని టైము

మా పలకల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునే శ్రీరాములన్న ఏ కంప్యూటరు చెప్పిన టైమునూ నమ్మడు. దేవుణ్ణి నమ్ముతాడు, మార్కాపురం ఎండను నమ్ముతాడు, ఆఖరికి గిద్దలూరు బస్సును కూడా నమ్ముతాడు. టైమెంతన్నా అని అడిగిన పాపానికి మనల్ని నిలబెట్టి పాఠం చెబుతాడు.

తీగలో వచ్చే ప్రతి కబురు మీదా కంప్యూటరు టైము వేస్తుంది. అది కబురు వచ్చిన టైము కాదట, చేతిలో పని వదిలి కంప్యూటరు దాన్ని చూసిన టైమట. ఇంట్లోనూ ఇదే గోల. భార్య రాధాకుమారి అన్నానికి పిలిస్తే, నువ్వు పిలిచిన టైము వేరు, నా చెవిన పడిన టైము వేరు, నేను విన్న టైము వేరు అంటాడు. అన్నం చల్లారిన టైము మాత్రం ఒకటేనని ఆవిడ కంచం తీసేస్తుంది.

ఒకసారి నాకు చూపించాడు. రెండు కంప్యూటర్ల గడియారాలూ కలిపిపెట్టి, ఒకే కబురును ఒకేసారి రెండింటికీ పంపాడు. దశాంశం చుక్క తర్వాత బారెడు అంకెలతో రెండూ రెండు టైములు వేశాయి. మళ్ళీ పంపితే ఇంకో రెండు. ఫ్యాక్టరీ లెక్కలు రాసుకునే దాన్ని, ఒక లెక్కకు రెండు జవాబులంటే నాకు పడదు. ఇందులో అసలు టైము ఏదని అడిగాను.

"అది దానికీ తెల్దు భాగ్యమ్మా," అన్నాడు భక్తిగా.

ఇంతలో గేటు దగ్గర వేలిముద్ర మిషను పెట్టారు. వేలు పెట్టగానే కబురు ఆఫీసు కంప్యూటరుకు పోతుంది, అది టైము వేస్తుంది. మూడుసార్లు ఆలస్యమైతే పని నుంచి తీసేస్తామని ఓనరు రంగయ్యగారి రూలు. పలకలకు చట్రాలు బిగించే సుబ్బులమ్మకు మూడోసారి పడింది. ఆమె సంపాదన మీదే ఇల్లు నడుస్తోంది. ఈనే గొర్రెకు పిల్ల అడ్డం తిరిగిందని, దాన్ని వదిలి ఎట్లా వస్తానని మొత్తుకుంది. ఆయన వినలేదు.

శ్రీరాములన్న గేటు దగ్గరి మిషను ఊడదీసి, రెండు కంప్యూటర్లతో పాటు మోసుకుని ఓనరు గదిలోకి వెళ్ళాడు. నేనూ వెనకాలే వెళ్ళాను. మిషను తీగను రెండింటికీ తగిలించి, రంగయ్యగారి వేలే పెట్టించాడు. ఆయన ఒక తెర చూశారు, రెండో తెర చూశారు. తర్వాత తన వేలు చూసుకున్నారు.

"ఏంది శ్రీరాములూ, ఒక్క వేలికి రెండు టైములా?"

"అవును సార్. రెండిట్లో ఏదీ మీరు వేలు పెట్టిన టైము కాదు."

రంగయ్యగారు చేతి గడియారం వంక కూడా అనుమానంగా చూశారు. ఇట్లాంటి దాన్ని నమ్మి మనిషిని ఎట్ల తీసేస్తామని తనలో తనే అనుకుని, ఆ మూడో ఆలస్యాన్ని కొట్టేయమన్నారు. ఆ సంగతి చెబితే సుబ్బులమ్మ కళ్ళు తుడుచుకుని మళ్ళీ చట్రాల దగ్గర కూర్చుంది.

బయటికి వచ్చాక ఉండబట్టలేక అడిగాను. "అన్నా, ఆ రెండు టైములకీ తేడా ఎంత?"

"సెకనులో వెయ్యో వంతు ఉంటే గొప్ప."

"మరి సుబ్బులమ్మ?"

"గంట పైనే. ఆయమ్మ వచ్చేది నేనే చూసినా."

నేను నోరు తెరిచాను. ఈ మనిషికి దండం పెట్టాలో, దెబ్బ వేయాలో తెలియలేదు.

"తేడా ఉందని చూపిచ్చినా. ఎంతని ఆయన అడగలేదు," అన్నాడు శ్రీరాములన్న, కల్లాకపటం తెలియని మొహం పెట్టి. "అడిగింటే చెప్పేటోణ్ణే."

నవ్వాపుకోలేక అక్కడే మెట్ల మీద కూలబడ్డాను.