పసుపు గీత చెప్పని సంగతి

మెట్టుగూడలో నా జిరాక్స్ షాపు పక్కనే ఐజాక్ షెడ్డు. ఊళ్లో పిల్లలంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలంటూ బయోడేటాలు పట్టుకుని నా మీద పడుతున్న రోజులవి. నాకు తల గోక్కునే తీరిక లేదు. ఐజాక్‌కు తీరిక తప్ప ఇంకేమీ లేదు. భార్య మేబెల్ పోయి నాలుగేళ్లు, పిల్లల్లేరు. ఆదివారం పొద్దున చర్చి, మిగతా వేళంతా లారీ చక్రాలు.

ఆయనదొక పద్ధతి. చక్రం బిగించాక ప్రతి నట్టు మీద నుంచి రిమ్ము మీదికి పసుపు పెయింటుతో గీత గీసేవాడు. గీత తప్పిందంటే నట్టు వదులైనట్టు. చక్రాలకు పసుపు పూసే పాస్టరని డ్రైవర్లు వెక్కిరించేవాళ్లు. తర్వాత వాళ్లూ మిషన్లున్న కొత్త షాపులకు వెళ్లిపోయారు.

మిగిలింది పోలరాజు ఒక్కడే. అనకాపల్లి నుంచి వచ్చి సొంత మినీ లారీలో కంపెనీలకు కుర్చీలు, బల్లలు తోలేవాడు. రోజూ నాలుగింటికి ఐజాక్ దగ్గరికి టీకి వచ్చేవాడు. ఐజాక్ మూడున్నర నుంచే రోడ్డు వైపు చూస్తుంటే నేను నవ్వుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఒకరోజు పోలరాజు స్పేసర్లు తెచ్చాడు. చక్రానికీ, ఇరుసు చివరనుండే హబ్బుకీ మధ్య బిగించే అల్యూమినియం బిళ్లలు, ఫుట్‌పాత్ మీద చవగ్గా దొరికినవి. చక్రాలు బయటికి జరిగితే బండి ఊగదని, దర్జాగా ఉంటుందని వాడి ఆశ.

“గివి వద్దు పోలరాజూ. ఏం లోహమో తెల్వదు. బిళ్లను పట్టుకునే నట్లు చక్రం వెనకాల ఉంటయ్, ఇప్పితే తప్ప కనబడవు” అన్నాడు ఐజాక్.

పోలరాజు అలిగి పది రోజులు రాలేదు. పదకొండో రోజు ఐజాకే కబురు పెట్టాడు, బిళ్లలు బిగించాడు. అలవాటు కొద్దీ పై నట్ల మీద గీతలూ గీశాడు. “యాభై కిలోమీటర్లు తిరిగినంక బండి తేవాలె. లోపలి నట్లు చూస్తా” అన్నాడు.

తెచ్చాడు. “గీత కదల్నేదు కదన్నయ్యా, మరేటి? టీ తాగుదాం” అన్నాడు పోలరాజు.

చక్రాలు విప్పితే ఉన్న అరగంటా దానికే పోతుంది, మాటలకు మిగలదు. పైగా మళ్లీ అలిగితే? ఐజాక్ జాకీ తీయలేదు, టీ పోశాడు. అలా మూడు వారాలు గడిచాయి.

ఒక పొద్దున తార్నాక దారిలో వెనక చక్రం బిళ్లతో సహా ఊడి బండి పల్టీ కొట్టింది. పోలరాజు కుడికాలు మోకాలి దాకా తీసేశారు. ఎవరో ఆ చక్రాన్ని షెడ్డుకు తెచ్చి పడేశారు. పసుపు గీతలు గీసినవి గీసినట్టే ఉన్నాయి. వెనక, లోపలి నట్లు వదులై బిళ్లకున్న బెజ్జాలు మాత్రం అరిగి సాగిపోయాయి.

“గొయ్యిలో పడ్డానన్నయ్యా. నీ గీత కదల్నేదు, నీ తప్పేటీ నేదు” అన్నాడట పోలరాజు ఆస్పత్రిలో. ఐజాక్ వెంటనే లేచి వచ్చేశాడట. వాడి భార్య కనకలక్ష్మి వాణ్ని ఊరికి తీసుకెళ్లిపోయింది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం నా షాపు ఫోన్ మోగేది. అన్నయ్యని పిలవమనేవాడు పోలరాజు. షెడ్డులోంచి ఐజాక్ లేడని చెప్పమని చెయ్యి ఊపేవాడు. ఈ లోకంలో ఆయన్ని అడిగే మనిషి ఒక్కడు, వాడితోనే మాట్లాడలేడు. నేను అబద్ధాలాడీ ఆడీ విసిగిపోయాను.

ఒక ఆదివారం పోలరాజు నాతో అన్నాడు: “మా బావమరిది బండి కొన్నాడమ్మా. నా బండివి మిగిలిన బిళ్లలు దానికి బిగిస్తన్నాడు. గీత ఏ పెయింటుతో గీయాలో అన్నయ్యని అడిగి చెప్పండి.”

అదే మాట షెడ్డు వైపు అరిచాను. ఐజాక్ గ్రీజు చేతులతోనే పరుగెత్తుకొచ్చి ఫోన్ లాక్కున్నాడు.

“పారెయ్! గవి బిగించొద్దు. ఆ గీత లోపలి నట్ల సంగతి చెప్పదురా. నాకు తెలుసు. ఇప్పి చూడాల్సింది నేను, చూడలే. నువ్వు కూసుంటవని టీ పోసిన. నీ కాలు నేనే తీసిన పోలరాజూ.”

పోలరాజు గొంతు పక్కనున్న నాకూ వినిపించింది. “ఆ బిళ్లలు బిగించంలే అన్నయ్యా” అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

తర్వాతి ఆదివారం ఐజాక్ చర్చి నుంచి తిన్నగా వచ్చి నా షాపు ముందు బెంచీ మీద కూర్చున్నాడు. షట్టరు దించేదాకా ఫోన్ మోగలేదు.