మళ్ళీ కనిపించిన బిళ్ళ

కేరళలోని ఇరింజాలకుడలో ఆడవాళ్ళు కారు నేర్చుకోవాలంటే రోసిలి దగ్గరే నేర్చుకోవాలని పేరు. పంతొమ్మిదేళ్ళుగా ఆమెకి అదే పని. శిష్యురాళ్ళు స్టీరింగుతో కుస్తీ పడుతుంటే, పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గర బిగించిన రెండో బ్రేకు మీద పాదం ఆనించి, ఊళ్ళో గోడల్నీ గేట్లనీ కోళ్ళనీ కాపాడుకుంటూ వచ్చింది.

మధ్యలో ఒక్కసారే, నాలుగేళ్ళ కిందట, ఎనిమిది నెలలు బండి ఆపింది. అప్పుడు మెడలోనూ చంకలోనూ బిళ్ళలు కట్టాయి. లింఫోమా అనే రకం కేన్సర్ అన్నారు. ఆర్నెల్లు కీమో ఎక్కించారు. జుట్టంతా రాలిపోయి, మళ్ళీ మొలిచినప్పుడు ఉంగరాలు తిరిగి వచ్చింది. అక్కా అన్నట్టు చేచ్చీ అని పిలిచే కొత్త శిష్యురాళ్ళు ముచ్చటపడి, "ఏ పార్లర్లో చేయించుకున్నారు చేచ్చీ?" అని అడిగితే, "పెద్దాసుపత్రిలో" అనేది. వాళ్ళు నోరు తెరిచేలోగా, "ముందు చూడు, ఆటో వస్తోంది" అనేది.

ఆ తర్వాత తీసిన స్కానులన్నీ శుభ్రంగా వచ్చాయి. ఇక ఆ ఊసు తనది కాదనుకునే ధైర్యం అప్పుడప్పుడే వస్తోంది. అలాంటి రోజుల్లో, జూన్ వానలు మొదలైన వారానికి, కారు అద్దం సరిచేసుకుని మెడ మీది చెమట తుడుచుకుంటూ ఉంటే ఎడమ దవడ కింద వేలికి చింతగింజంత బిళ్ళ తగిలింది.

ఇంట్లో క్లాసుందని చెప్పి ఒంటరిగా డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన వేళ్ళతో తడిమి చూశాడు. "జలుబు చేసినా బిళ్ళ కడుతుంది, పన్ను పుచ్చినా కడుతుంది. అదేనని నేననను, కాదని కూడా అనను. రెండు వారాలు చూద్దాం. తగ్గకపోతే కోసి తీసి పరీక్షకి పంపిద్దాం" అన్నాడు.

రెండు వారాలంటే ఎంత పొడుగో రోసిలికి అప్పుడు తెలిసింది. చెమట పడితే అదే అనుకునేది. ఒళ్ళు నొప్పులైతే అదే అనుకునేది. ఊరంతా ఉక్కకి చెమటలు కక్కుతోందన్న సంగతి ఆమెకి తట్టేది కాదు. భర్త పౌలోస్‌కి మాత్రం చెప్పదల్చుకోలేదు. కిందటిసారి చెప్పిన పాపానికి ఆయన తిండి మానేసి, చర్చి చర్చికీ తిరిగి, ఎంత చిక్కిపోయాడంటే ఆసుపత్రిలో నర్సు ఆయన్నే మంచం మీద పడుకోమంది. మంగళూరులో నర్సింగు చదువుతున్న కూతురు జిన్సీకి పరీక్షలు. అంచేత ఎవరికీ చెప్పకుండా అలమార్లు సర్దింది. సర్టిఫికెట్లన్నీ ఒక ఫైల్లో పెట్టింది. వంటింట్లో డబ్బాలన్నిటి మీదా పెద్ద అక్షరాలతో పేర్లు రాసి అతికించింది.

పౌలోస్ ఆ డబ్బాల వంక చూసి, "ఇదేంటి, నాకు జీలకర్రకీ సోంపుకీ తేడా తెలీదనుకున్నావా?" అన్నాడు.

"తెలుసా?"

ఆయన కాసేపు ఆలోచించి, "తెలీదు" అని ఒప్పుకుని తన పిండిమరకి వెళ్ళిపోయాడు.

ఆ రోజుల్లో రోసిలి దగ్గర కార్త్యాయని అనే అరవై రెండేళ్ళ ఆవిడ నేర్చుకుంటోంది. అప్పడాలు చేయించి కొట్లకి వేసే మనిషి. నలుగురు ఆడవాళ్ళకి పని ఇస్తుంది, ఆవిడ నోటికి ఊళ్ళో అందరూ జడుస్తారు. 'హెచ్' ఆకారంలో కారు వెనక్కీ ముందుకీ తిప్పే పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడోసారికి తయారవుతోంది. సరుకు తీసుకెళ్ళే ఆటోవాడు రోజూ చూపించే టెక్కు ఇక భరించలేనంది.

"క్లచ్చు మెల్లిగా వదలండి చేచ్చీ. అప్పడం కాలుస్తున్నంత మెల్లిగా."

"అప్పడం మెల్లిగా కాలిస్తే మాడిపోతుంది. తెలీని సంగతులు చెప్పకు."

ఆరోజు సన్నటి వాన. చేను గట్టు పక్క మలుపు తిరుగుతుంటే రోసిలి చెయ్యి మళ్ళీ మెడ మీదికి వెళ్ళింది. నిన్నటికంటే పెరిగిందా? అంతేనా? ఆమె కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి గానీ ఏమీ కనిపించలేదు. కార్త్యాయని బ్రేకనుకుని ఏది తొక్కిందో, కారు రోడ్డు దిగి జారుకుంటూ వెళ్ళి అరటి మొక్కల మధ్య బురదలో కూలబడింది. రెండు మొక్కలు విరిగి బానెట్ మీద పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి రోసిలి పాదం ఆ బ్రేకు మీద లేదు.

తిట్లు వస్తాయని కాచుకుని కూర్చున్న కార్త్యాయనికి ఏడుపు వినిపించింది.

"ఏయ్, తొక్కింది నేను. నువ్వెందుకేడుస్తావ్?"

రోసిలి చెయ్యి మళ్ళీ మెడ మీదికి వెళ్ళింది.

"పది రోజులుగా చూస్తున్నా. నీ చెయ్యి గేరు మీద ఉండట్లేదు, మెడ మీదే ఉంటోంది. ఏముందక్కడ?"

రోసిలి చెప్పింది. బిళ్ళ సంగతి, డాక్టరు మాట, డబ్బాల మీద రాసిన పేర్లు, అన్నీ చెప్పింది. "ఈసారి కీమో తట్టుకోలేను చేచ్చీ. అప్పుడంటే ఏమవుతుందో తెలీక ధైర్యంగా వెళ్ళాను. ఇప్పుడు అన్నీ తెలుసు" అంది.

ఏమీ కాదులే అని కార్త్యాయని అనలేదు. చీర కొంగుతో అద్దం మీది ఆవిరి తుడుస్తూ అడిగింది. "పౌలోస్‌కి చెప్పావా?"

"చెబితే కూలిపోతాడు."

"మా ఆయన కూడా నన్ను బాధపెట్టకూడదనే గుండెల్లో నొప్పి చెప్పలేదు. ఒక్కరోజు కూడా బాధపెట్టలేదు మహానుభావుడు. ఓ మధ్యాహ్నం పడుకున్నవాడు లేవలేదంతే. పదకొండేళ్ళయింది. ఇప్పటికీ ఆయన ఫోటోకి దండ వేస్తూ తిడతాను, నాకెందుకు చెప్పలేదని. నీ మొగుడికి ఆ గతి పట్టించకు."

ట్రాక్టరు వచ్చి కారుని పైకి లాగేదాకా ఇద్దరూ గొడుగు కింద నిలబడ్డారు. తర్వాత రోసిలి ఇంటికి వెళ్ళలేదు, నేరుగా పిండిమరకి వెళ్ళింది.

కనుబొమ్మల దాకా బియ్యప్పిండి పట్టిన పౌలోస్ ఆమె చీరకున్న బురద చూసి మర ఆపేశాడు. "ఏమండీ, మళ్ళీ బిళ్ళ కట్టింది" అంది రోసిలి. ఆయన బస్తా మీద కూలబడ్డాడు. చాలాసేపు అరచేతుల్లోని పిండినే చూసుకున్నాడు.

"ఏదో ఉందని తెలుసు రోసీ. అడగాలంటే భయమేసింది. అడిగితే నిజమవుతుందేమోనని" అన్నాడు. ఆ తర్వాత, "కిందటిసారి నేనే రోగిలా చేశాను. నువ్వు వాంతులు చేసుకుంటూ కూడా నాకే గంజి కాచావు. ఈసారి నన్నేం చెయ్యమంటావో చెప్పు" అన్నాడు.

"మధ్యాహ్నం అన్నం తినండి. డాక్టరు దగ్గరికి తోడు రండి. ఎలా ఉంది, ఎలా ఉంది అని రోజుకి ఇరవైసార్లు అడక్కండి."

"ఐదుసార్లు?"

"రెండు."

"మూడు" అన్నాడు పౌలోస్. రోసిలికి నవ్వొచ్చింది. పన్నెండు రోజుల తర్వాత వచ్చిన నవ్వు.

బిళ్ళ తగ్గలేదు. తీసి పరీక్షకి పంపారు. జవాబు రావడానికి వారం పైనే పడుతుందన్నారు. ఆ వారానికి మొగుడూ పెళ్ళాం ఓ ఒప్పందం చేసుకున్నారు. రోజూ సాయంత్రం టీ తాగేటప్పుడు పిండిమర అరుగు మీద కూర్చుని ఆమె భయాలన్నీ చెబుతుంది, ఆయన వింటాడు. ధైర్యం చెప్పడానికి వీల్లేదు. గ్లాసులు కడిగాక ఆ మాట మర్నాటిదాకా ఎత్తకూడదు. మొదటిరోజు టీ చల్లారిపోయింది. ఆమె ఏడ్చింది, ఆయనా ఏడ్చాడు. మూడోరోజుకి చెప్పిందే చెబుతున్నానని ఆమెకే అనిపించింది. ఐదోరోజు, "ఇవాళ భయం నీదా, నాదా?" అని పౌలోస్ అడిగాడు. ఆరోజు ఆయన వంతయింది. రోసిలి లేకపోతే ఆదివారాలు ఏం చెయ్యాలో తనకి తెలీదన్నాడు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆయన నోట ఆమె అలాంటి మాట వినలేదు.

భయం పోయిందని కాదు. పొద్దున్నే లేవగానే గుండెలో రాయి పడ్డట్టే ఉండేది. అయితే సాయంత్రం దాన్ని దించుకోవడానికో చోటుందని తెలిశాక, పగలు పాదం మళ్ళీ బ్రేకు మీదికి వచ్చింది.

పరీక్ష మైదానంలో కార్త్యాయని ఒక్క కంబాన్నీ తాకకుండా 'హెచ్' పూర్తి చేసింది. కారు దిగి ఇన్‌స్పెక్టరుతో, "మీ కంబాలు కిందటిసారి దగ్గర దగ్గరగా పాతారు. ఈసారి మీకు బుద్ధొచ్చింది" అంది. రోసిలి ఆమెని పట్టుకుని అందరి ముందూ గెంతింది.

ఆ మర్నాడే ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. డాక్టరు కాగితం రెండుసార్లు చదివి తలెత్తాడు. "కేన్సర్ కణాలు లేవు. వాపుకి కట్టిన బిళ్ళే. ఎడమ పక్క దవడ పన్ను పుచ్చింది, అది చూపించుకోండి. ఏడాదిపాటు మూడు నెలలకోసారి మాత్రం రావాలి" అన్నాడు.

ఎగిరి గంతేస్తాననుకుంది. అలా జరగలేదు. ఒళ్ళంతా నీరసం కమ్మింది, ఎవరి మీదో తెలీని కోపమొచ్చింది. వరండాలో అరగంట అలాగే కూర్చుంది. పౌలోస్ పక్కనే కూర్చున్నాడు, ఏమీ అడగలేదు. చివరికి ఆమె, "ఆకలేస్తోంది" అంది. ఎదురుగా ఉన్న హోటల్లో నాలుగు పొరోటాలు, చేపల కూర తిని, ఐదోది తెమ్మంది.

అక్కణ్ణించే జిన్సీకి ఫోన్ చేసి అంతా చెప్పింది. అవతల పిడుగు పడింది.

"నేను నర్సింగు చదివేది ఊళ్ళోవాళ్ళ కోసమా అమ్మచ్చీ? నాలుగు వారాలు దాచావా?"

"పరీక్షలు కదా తల్లీ..."

"పరీక్షలు మళ్ళీ రాసుకోవచ్చు! ఈసారి ఒళ్ళు వెచ్చబడినా నాకు చెప్పాలి. ఒట్టెయ్యి."

రోసిలి ఒట్టేసింది. మూడు నెలలు తిరిగాక తీసిన స్కాను బాగానే వచ్చింది. తర్వాతదీ అంతే. స్కానుకి ముందు వారం ఆమెకి చిరాకెక్కువ, శిష్యురాళ్ళ మీద కేకలెక్కువ. అయితే ఇప్పుడు కారు ఎక్కగానే వాళ్ళకి ముందే చెప్పేస్తుంది. "ఈ వారం నాకు కాస్త భయంగా ఉంటుంది. అరిస్తే పట్టించుకోకండి. ఊఁ, తాళం తిప్పు."