మా కాలనీలో ‘హో జాయేగా’

విజయనగరం పక్క పల్లె నుంచి బిలాస్‌పూర్‌కి కాపురానికొచ్చిన కొత్తలో నాకు హిందీ ఒక్క ముక్క రాదు. రెండు వారాల్లో ఒక్కటి వచ్చింది: హో జాయేగా. అయిపోతుందిలే అని అర్థం. కావాలని నేర్చుకున్నది కాదు, వినీ వినీ వచ్చింది. రైల్వే క్వార్టరు కప్పు కారుతోందంటే మేస్త్రీ హో జాయేగా అన్నాడు. ఆ వానాకాలమంతా నేల మీద గిన్నెలు పరుచుకుని, వాటి మధ్య కూర్చుని వంట చేశాను. పక్కనున్న మోప్కా ఊరి నుంచి కూరలు తెచ్చే ఆవిడని చింతచిగురు తెమ్మంటే ఆవిడా హో జాయేగా అంది. ఎండాకాలం వెళ్ళిపోయింది, చిగురు రాలేదు.

పరాయివాళ్ళంటే సరిపెట్టుకోవచ్చు. మా ఆయన రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్డులో ఫిట్టరు. ఏం చెప్పినా ముందు అచ్ఛా అనేవారు, తరవాత హో జాయేగా అనేవారు. మా అత్తగారికి హిందీలో ఆ మాట తప్ప ఇంకేమీ రాదు. నా కడుపు పండాలని దేవుడి ముందు దీపం పెట్టి, మొక్కంతా తెలుగులో మొక్కి, చివర్న దేవుడి తరఫున తనే హో జాయేగా అనేసేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. కొత్త కోడల్ని కనక పళ్ళు కొరుక్కుని ఊరుకునేదాన్ని.

నాలుగో ఏట మా అన్న ఉత్తరం రాశాడు. అమ్మకి జ్వరం తగ్గడం లేదు, నిన్ను చూడాలంటోంది, వెంటనే రా అని. మా ఆయన డ్యూటీ నుంచి రాగానే ఆ ఉత్తరం చేతిలో పెట్టాను.

రైల్వేవాళ్ళకి పాసులుంటాయి. ఆఫీసులో అర్జీ పెడితే భార్యాబిడ్డల పేర్లు వేసి కాగితం రాసిస్తారు, దాంతో ఊరికే బండెక్కొచ్చు. ఆయన మర్నాడే అర్జీ పెట్టారు. నాలుగు రోజులైనా పాసు రాలేదు.

“పాసు ఏటయిందండీ?” అన్నాను.

“ఆఫీసులో గుమాస్తా బాబుతో మాటాడినాను. హో జాయేగా అన్నాడు.”

“అమ్మకి బాగులేదు. టికెట్టు కొనీండి.”

కొనలేక కాదు. పుట్టింటివాళ్ళిచ్చిన రూపాయలు బియ్యం డబ్బాలోనే ఉన్నాయి. కానీ ఆ మాట వినగానే అత్తగారు వంటింట్లోంచి వచ్చేశారు.

“ఓలమ్మ, టికెట్టేటే? రైలోడి పెళ్ళాం టికెట్టు కొనుక్కుని బండెక్కితే టేసన్లో అందరూ నవ్విపోరేటి? ఆడి పరువేటవ్వాల?”

నిజం చెప్పాలి. మా కాలనీలో ఎవరైనా టికెట్టు కొంటే, పనిలోంచి తీసేశారేమో అనుకునేవాళ్ళు. అందుకని నాకూ సిగ్గేసింది. నోరు మూసుకుని, పెట్టె సర్దుకుని, పాసు కోసం కూర్చున్నాను. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

రోజూ సాయంత్రం అడగడం, రోజూ అదే మాట వినడం. తొమ్మిదో రోజున ఆయన గుమ్మంలో చెప్పులు విప్పుతూ నోరు తెరవగానే చెయ్యి అడ్డం పెట్టాను.

“ఆ మాటింక నా దగ్గర అనకండి. రేపు నానెల్తాను.”

పొద్దున్నే ఆయన నన్ను స్టేషనుకి తీసుకెళ్ళి టికెట్టు కొన్నారు. టికెట్ల కిటికీలో కూర్చున్న తెలిసినాయన వింతగా చూస్తే తల దించుకున్నారు. తనకి సెలవు లేదు కనక నన్ను ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కించి, రాయపూర్‌లో బండి మార్పించమని గార్డుకి చెప్పారు. ఆయన మీద కోపంతో బిల్హా స్టేషను దాటేదాకా కళ్ళు తుడుచుకోలేదు.

పుట్టింటికి చేరేసరికి అమ్మ కళ్ళు తెరిచే ఉంది. నన్ను గుర్తుపట్టింది, చెయ్యి పట్టుకుంది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు.

“మొన్నటిదాకా మాటాడిందే,” అన్నాడు అన్న. “బండి కూతేసినప్పుడల్లా, అమ్మాయొచ్చిందేటి అని అడిగింది.”

అమ్మ ఇంకో మూడు రోజులు బతికింది. ఆ మూడు రోజులూ ఆవిడ నోటి దగ్గర చెవి పెట్టుకుని కూర్చున్నాను. ఏ మాటైనా సరే, నూరుసార్లు విన్నదైనా సరే, ఒక్కటంటే చాలనుకున్నాను. ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు.