వచ్చేవాళ్ళ పీట

మొన్న పొద్దున అనంతపురం టవర్ క్లాక్ దగ్గర బస్సు దిగానో లేదో, ఒక వాసన నన్ను చెయ్యి పట్టుకుని ఆపేసింది. ఉడికించిన మైదాపిండి, అందులో పురుగు పట్టకుండా వేసే మైలుతుత్తం. ఒకాయన బకెట్‌లో చీపురు ముంచి గోడకు పూస్తున్నాడు, ఇంకొకాయన సినిమా పోస్టర్ అంటిస్తున్నాడు. నేను బకెట్‌నే చూస్తూ నిలబడిపోయాను. ఈ వయసులో ఈమెకు హీరో మీద ఇంత మోజేమిటని పోస్టరాయన నన్ను ఎగాదిగా చూశాడు. నాకు కనిపిస్తున్నది హీరో కాదు, హిందూ మహాసముద్రం అని చెప్పి ఉంటే ఇంకా అనుమానపడేవాడు.

ఆ వాసన సెలీన టీచర్ ఇంటి వసారాది. ఆమె తన పిల్లలకు, వాళ్ళతో పాటు నాకు, ప్రపంచాన్ని ఒక మట్టికుండ మీద అంటించి చూపించింది. పాత కాగితాలు చించి మైదా జిగురుతో కుండకు పొరలు పొరలుగా అంటించాం. ఎండాక నీలిమందు పూసి, దేశాలు గీశాం. కుండకు మూతి ఉంటుంది కదా, దాన్ని కిందికి తిప్పాం. అందువల్ల మా ప్రపంచంలో అంటార్కిటికా లేదు. ఆ జాగాలో చెయ్యి దూర్చి భూమిని తిప్పేవాళ్ళం. ఇప్పటికీ ఆ ఖండం గురించి నాకు ఏమీ తెలియదంటే తప్పు నాది కాదు, కుండది.

మాది గార్లదిన్నె అవతల ఒక చిన్న ఊరు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. ఐదో తరగతి తర్వాత చదవాలంటే గార్లదిన్నె పోవాలి. బస్సు కూడా మా వానలాగే, వచ్చినప్పుడు వచ్చేది. ఆడపిల్లను రోడ్డు మీద నిలబెట్టేది తనకిష్టం లేదన్నాడు నాయన. అమ్మ లేని ఇంట్లో అవ్వదే మాట, అవ్వ కూడా అదే మాటంది. అట్లా నా చదువు అటకెక్కి, నేను వేరుశనగ చేలో కలుపుకు దిగాను. ఆ ఏడే సెలీన టీచర్ భర్త మా ఊరి ఆసుపత్రికి కాంపౌండరుగా వచ్చాడు. పెళ్ళికి ముందు ఆమె కదిరిలో సిస్టర్ల బడిలో భూగోళం చెప్పేదట. మా ఊరి బడి చూసి, తన పిల్లలు ప్రేమకూ జోజికీ ఇంట్లోనే చెప్పుకుందామని నిశ్చయించుకుంది. నన్నూ పంపమని, పదో తరగతి ప్రైవేటుగా కట్టించవచ్చునని చేను గట్టు మీదికొచ్చి నాయనను అడిగింది. నాయన సరేనన్నాడు. అవ్వ మాత్రం నియమాలు పెట్టింది: ఆడ సంగటి తినగూడదు, నీళ్ళు తాగగూడదు, పొద్దు మునిగే లోపల ఇంట్లో ఉండాల. ఎందుకని నేను అడగలేదు. ఎందుకో మా ఊళ్ళో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ చెప్పరు.

అప్పటిదాకా భూగోళం నాకు గందరగోళం. టీచర్ దగ్గర ఒక పుస్తకం ఉండేది. ఇంట్లోనే పిల్లలకు చదువు చెప్పుకునే కతోలిక కుటుంబాల కోసం ఏదో పైదేశంలో అచ్చువేసినది. సిస్టర్ల మఠంలో ఉన్న చుట్టమొకామె పంపిందట. ఆసియా అంతా అందులో ఉంది. ఒక్కో దేశానికి పటం, తిండి, బట్టలు, పండుగ, చివర ఒక ప్రార్థన. మొదటిరోజు ఆమె మన దేశం పేజీలే తీసి, తెలుగు చేసి వినిపించింది. రెండే పేజీలు. ఏనుగు, పాములవాడు, నదిలో స్నానాలు. ఏనుగును నేనప్పటికి చూడలేదు. స్నానం చేసేంత నది మా జిల్లాలోనే ఎవరూ చూడలేదు. ముగ్గురం పడీపడీ నవ్వాం. టీచర్ కూడా నవ్వి, పుస్తకం మూసి అంది:

“మన్ని ఇట్లా రాసినారంటే, జపానోళ్ళను మాత్రం సరిగ్గా రాసుంటారా? వాళ్ళు వింటే ఇట్లే నవ్వుకుంటారు.”

ఆ రోజే ఆమె పీట నియమం పెట్టింది. ఏ దేశం చదువుతున్నా మా ఎదురుగా ఒక ఖాళీ పీట వేసేది. ఆ దేశం మనిషి వచ్చి దాని మీద కూర్చుని వింటున్నట్టు అనుకుని పాఠం చెప్పాలి. దాని మీద మేమెవరం కూర్చోకూడదు. జోజి దానికి ‘వచ్చేవాళ్ళ పీట’ అని పేరు పెట్టాడు. చైనా వారం మేం కందికట్టెలను వాళ్ళు అన్నం తినే పుల్లల్లా చెక్కి, వాటితో బొరుగులు తినబోయాం. బొరుగులు పొడివి కాబట్టి అవ్వ నియమం కిందికి రావని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. తీర్పుతో పనే పడలేదు, ఒక్క బొరుగూ నోటి దాకా రాలేదు. వీళ్ళు ఆకలితో చావకుండా ఎట్లా బతికినారో అని జోజి గేలి చేశాడు. టీచర్ పీట వైపు చూపించింది.

“ఆయప్ప ఈడనే కూర్చోనుండాడు. ఆయప్ప మొగం చూసి చెప్పు ఆ మాట.”

జోజి ఖాళీ పీటను చూసి తల వంచుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, నువ్వు వీటితో ఎట్లా తింటావన్నా, కొంచెం చూపీ అని పీటనే అడిగాడు. ప్రతి పాఠం చివరా వాళ్ళు ముగ్గురూ జపమాల తీసి ఆ దేశం కోసం ప్రార్థించేవాళ్ళు. నేనేం చెయ్యాలని అడిగితే, మీ ఇంట్లో ఎవరికి మొక్కుతారో వాళ్ళకే మొక్కుకొమ్మంది, ఆ దేశం బాగుంటే చాలంది. ఇన్ని దేశాలు తెలిసిన మనిషి అనంతపురం పాతూరి సందుల్లో మాత్రం దారి తప్పేది. ఒకసారి ఆమె వెంట జిగురుకు మైదా కొనడానికి పోయి, ఒకే టైలరు అంగడి ముందు నుంచి పదేపదే నడిచాం. ఆ టైలరు చివరికి, రోజంతా నడిస్తే ఎట్లమ్మా అని మాకు స్టూళ్ళు వేశాడు.

కొరియా వారం వచ్చింది. అక్కడ కొత్త సంవత్సరం నాడు పిల్లలు పెద్దలకు పెట్టే దండం నేర్చుకున్నాం. చేతులు ఒకదాని మీద ఒకటి నుదుటి దగ్గర పెట్టుకుని, మెల్లగా మోకాళ్ళ మీదికి దిగి, తల వంచాలి. నాకు ఎంత బాగా వచ్చిందంటే, సాయంత్రం ఇంటికి పోగానే అవ్వకు పెట్టేశాను. అవ్వ చేటలో వేరుశనగ విత్తనం ఏరుతోంది. చేట కింద పెట్టింది.

“ఏమే, మోకాళ్ళ మీద కూర్చుంటాండావు? కలిసిపోయినావా వాళ్ళల్లో?”

“ఇది కొరియా దండమవ్వా.”

“కొరియా అంటే యా ఊరి చర్చి?”

చర్చి కాదు, దేశమని చెప్పడానికి నేను కుండ మీది ప్రపంచమంతా వర్ణించాను. ఎంత చెబితే అంత చెడింది. తెల్లారి నా చేతికి మళ్ళీ కలుపు కొడవలి వచ్చింది. వారం గడిచింది. చేలో కూర్చుంటే కలుపు మొక్కలన్నీ నాకు దేశాల ఆకారంలో కనిపించేవి. పీకడానికి చేతులు రాలేదు. కూలికొచ్చిన ఆడవాళ్ళు నన్ను చూసి, నీకు చదువూ రాదు, కలుపూ రాదని నవ్వారు. అది నిజమవుతుందని నాకు భయం పట్టుకుంది.

అప్పుడొచ్చింది సెలీన టీచర్, పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని. ఎప్పటిలాగే అరుగు కిందనే నిలబడింది. అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. గొడవ అవుతుందని నేను తలుపు చాటుకు పోయాను.

“పెద్దమ్మా, తప్పు నాదే,” అంది టీచర్. “దండం నేర్పినాను గానీ, అది ఎవరి దండమో మీకు చెప్పలేదు.”

“చెప్పుంటే ఒప్పుకుందునా?”

“ఒప్పుకోరు.”

అవ్వ మూతి కొంచెం కదిలింది. తెగేసి మాట్లాడేవాళ్ళంటే ఆమెకు లోలోపల ఇష్టం. టీచర్ గొంతు ఏమాత్రం పెంచకుండా తర్వాతి మాట అంది.

“మా పిల్లోళ్ళకు జపాన్ ఇంట్లోకి ఎట్లా పోవల్లనో తెలుసు. చెప్పులు యాడ విడవల్లనో, ఎట్లా కూర్చోవల్లనో అన్నీ తెలుసు. మీ ఇంట్లోకి ఎట్లా రావల్లనో తెలీదు. నా పుస్తకంలో అది లేదు పెద్దమ్మా. మీరే చెప్పల్ల.”

అవ్వ లేచి లోపలికి పోయింది. అయిపోయింది, ఇంక నేనూ నా కొడవలీ అనుకున్నాను. ప్రేమ తల్లి కొంగు పట్టుకుని లాగుతోంది, పోదాం పద అన్నట్టు. టీచర్ కదల్లేదు. కాసేపటికి గడప మీదికి వచ్చిన అవ్వ, తొట్టి వైపు చెయ్యి చూపి, కాళ్ళు కడుక్కోని లోపలికి రమ్మంది.

పడసాలలో పీట వేసి ఉంది. నాయన భోంచేసే పీట. టీచర్ దాని మీద కూర్చోబోతుంటే జోజి పరుగున పోయి అడ్డం నిలబడ్డాడు.

“మా, ఆడ కూర్చోవద్దు. అది వచ్చేవాళ్ళ పీట.”

వీడేమంటాండాడని అవ్వ నన్నడిగింది. నేను తడబడుతూ పీట నియమమంతా చెప్పాను. అవ్వ విని, జోజి తల మీద చెయ్యి వేసింది.

“ఇంగెవురు రావల్ల నాయనా? వచ్చినారు గదా. కూర్చోమను మీయమ్మను.”

టీచర్ కూర్చుంది. అవ్వ మజ్జిగ తెచ్చింది, మేం తాగే గ్లాసుల్లోనే. వంటింట్లోకి రమ్మనడానికి అవ్వకు ఇంకా కొన్నేళ్ళు పట్టింది. ఆ సంగతి దాచను. టీచర్ దాన్ని తొందరపెట్టనూ లేదు, మరచిపోనూ లేదు.

మర్నాటి నుంచి నేను మళ్ళీ వసారాలో ఉన్నాను. సాయంత్రం పోగానే, ఈ పొద్దు యా దేశమే అని అవ్వ అడిగేది. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న: ఆడ వానలు పడతాయా? పడతాయంటే, ఇంక వాళ్ళకేం కష్టమని ఆ దేశాన్ని పక్కన పెట్టేది. మంగోలియాలో పెద్దగా పడవంటే మాత్రం చేట ఆపి, “పాపం, మన మాదిరే,” అంది. ఆ రాత్రి దేవుడి గూటి ముందు దీపం పెడుతూ వాళ్ళను కూడా తలుచుకుందని నా అనుమానం.

పది పాసయ్యాను. ఆ తర్వాత టీచర్ వాళ్ళు కదిరికి తిరిగి పోయారు. ఆమె చనిపోయిన వార్త నాకు ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు నేను శింగనమల దగ్గర ఒక బడిలో సోషల్ చెబుతున్నాను. ఇన్ని ఖండాలు చెప్పి, మా హెడ్‌మాస్టరు మాటను ఒక్కసారీ ఖండించలేకపోయిన దాన్ని. అయినా ఒక్క విషయంలో పట్టుబట్టాను: నా తరగతిలో ముందు వరసలో ఒక పీట ఖాళీగా ఉంటుంది. అవ్వ పోయాక ఇంట్లో వస్తువులు పంచుకుంటున్నప్పుడు నేను అడిగి తెచ్చుకున్నది అదొక్కటే.

మొన్న పోస్టరాయనను బతిమాలి, కొంచెం జిగురు కవర్లో పోయించుకుని బడికి పట్టుకుపోయాను. పిల్లలు కొత్త కుండకు కాగితాలు అంటిస్తున్నారు. చేతులనిండా మైదాతో ఒక పిల్ల పీట దగ్గరకొచ్చి, దీని మీద నిజంగా ఎవరైనా కూర్చున్నారా టీచర్ అని అడిగింది. ఒకామె కూర్చుందని చెప్పాను.

“ఆమెది యా దేశం టీచర్?”

“మా ఊరే,” అన్నాను.