హనుమమ్మ రొట్టెల గంప మోరీ దాటిన రోజు

రాయచూరులో మా వీధికి మురుగునీళ్లు పోయే పెద్ద మోరీ కడతారని తెలిసినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషపడింది హనుమమ్మ. వానలొస్తే ఆమె సైకిలు చక్రాలు సగందాకా మురికినీళ్లలో మునిగేవి మరి. ఆ సంతోషం జేసీబీ వచ్చేదాకా నిలిచింది. అది వచ్చి వీధిని నిలువునా చీల్చిపోయాక మాది రెండు ఊళ్లయింది. ఇవతలి గట్టున మేము, అవతలి గట్టున కుసుమకుమారి వాళ్లు, మధ్యలో మనిషి లోతు గుంత. కార్లవాళ్లకు చుట్టుదారి చూపిస్తూ బాణం గుర్తు బోర్డు పెట్టారు. నడిచేవాళ్లూ సైకిళ్లవాళ్లూ ఎటు పోవాలో ఎవరికీ తోచినట్టు లేదు. గుంత దాటడానికి చెక్క వేయమని అడిగితే, పని చూసే నాగేంద్రబాబు రూలు ఒప్పుకోదన్నాడు.

హనుమమ్మకు యాభై దాటాయి. ఆమె తొక్కేది పోయిన భర్త సైకిలు, మధ్యలో అడ్డకడ్డీ ఉన్న మగవాళ్ల బండి. చీర కుచ్చిళ్లు ఎగదోపి మొదటిసారి ఎక్కిన రోజు హోటలు ముందు మగవాళ్లంతా చాయ్ చల్లారబెట్టుకున్నారు. ఇప్పుడు మా వీధిలో ఏ ఆడపిల్లకు సైకిలు నేర్పాలన్నా ఆమెనే పిలుస్తారు. పొద్దున్నే జొన్నరొట్టెలు కొట్టి, పొయ్యి పక్కన నిలబెట్టి కరకరలాడేదాకా ఎండనిచ్చి, పాత చీరలు పరిచిన గంపలో పేర్చి, క్యారియరుకు కట్టుకుని ఇంటింటికీ ఇస్తుంది. కాగితమంత పలుచని కడక్ రొట్టెలు. "నా రొట్టె మీ నోట్ల విరగాలె గాని తొవ్వల విరగొద్దు" అనేది ఆమె గొప్ప.

ఆ గొప్ప కంకరకుప్ప మీద బోల్తాపడింది. గుంత పక్కనుంచి పోదామని చూసి సైకిలుతో సహా కూలబడింది. గంప విప్పితే అంతా తునకలు. మేం నోళ్లు తెరిచేలోపే లేచి చీర దులుపుకుంది.

"ఏం జూస్తున్నరు? ఇయ్యాలది మజ్జిగల నానేసి తినే రొట్టె. గిట్లనే ఉంటది. గిన్నెలు తెచ్చుకోండ్రి."

తెచ్చుకున్నాం. నా గిన్నెలో కంకర కూడా వచ్చింది. నేను ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

కుసుమకుమారి మాత్రం అవతలి గట్టునుంచి అంతా చూసింది.

"అక్కా, రొట్టెల పండుగ వస్తున్నది. మా దిక్కు నీ రొట్టె వస్తదా, ప్యాకెట్లు తెచ్చుకోమంటవా? ఈసారి రాకుంటే ఇగ మా ఇండ్లన్నీ ప్యాకెట్లకే పోతయి. నారాజ్ గావొద్దు మల్ల!"

"ప్యాకెట్లు గోడకు తగిలించుకో! నా రొట్టె వస్తది. ఒక్కటి విరిగినా నన్ను హనుమమ్మ అనకు!"

రెండు గట్లూ విన్నాయి. ఇక వెనక్కి తీసుకునే మాట కాదు.

నాగులపంచమికి ముందు మా దిక్కున రొట్టెల పండుగ చేస్తారు. ఇల్లూ కులమూ చూడకుండా రొట్టెలు ఇచ్చిపుచ్చుకుంటారు. ఆ రోజు చేతిలో పెట్టిన రొట్టె వద్దనకూడదు, పెట్టినవాళ్లు తిరిగి అడగకూడదు.

పండుగ పొద్దున హనుమమ్మ గంపతో గుంత అంచుకు వచ్చింది. చుట్టుదారిన పోతే లారీల సందున, గతుకుల మీద సైకిలు ఎగిరెగిరిపడి మళ్లీ తునకలే. కూలీలు దిగే నిచ్చెన నిటారుగా ఉంది, గంపతో దిగడం కుదరదు. అడుగున దేవదుర్గ దిక్కునుంచి వచ్చిన కూలీలు ఇనుపచువ్వలు కడుతున్నారు. వాళ్ల చేతికిస్తే అటు అందిస్తారని ఆమె ఉపాయం. రొట్టెలు మూటగట్టి వంగి శరణబసవ అనే పడుచువాడికి అందించింది.

"పట్టు తమ్మీ, జర పైలం."

అటు ఇవ్వమని చెప్పేలోపే వాడు మూటను కళ్లకద్దుకున్నాడు. "అవ్వా! మమ్ముల యాది చేసినవా!" అన్నాడు కన్నడం కలిసిన తెలుగులో. పండుగపూట ఇల్లు విడిచి గుంతలో ఉన్నవాడు. చేతికి రొట్టె వస్తే తనది కాదని ఎందుకనుకుంటాడు? మూట విప్పాడు, అందరికీ పంచాడు. గట్టు మీదున్న నాగేంద్రబాబుకూ ఒకటి అందింది. గుంత నిండా కరకరమని చప్పుడు.

హనుమమ్మ చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది.

"అక్కా, అవి మావి గదా!" అని అటునుంచి కుసుమకుమారి కేక.

"మీవి పెనం మీదున్నయి!" అంది హనుమమ్మ, ఏమాత్రం తొణకకుండా. "ముందు గుంతల ఉన్నోళ్లకు, తర్వాత గట్టు మీదోళ్లకు. తినుండ్రి నాయనా, పుంటికూర గూడ ఉన్నది."

తల ఎత్తుకుని నడిచి మలుపు తిరిగింది. తిరిగీ తిరగగానే మా అరుగు మీద తలపట్టుకుని కూర్చుంది. పెనం చల్లగా ఉంది. ఇంట్లో పిండి కూడా లేదు.

మా ఆవిడ లోపలికెళ్లి జొన్నపిండి డబ్బా తెచ్చింది. పక్కింటి హేమ ఇంకో డబ్బా తెచ్చింది. కాసేపటికి హనుమమ్మ ఇంట్లో పీటలన్నీ మోగాయి. రొట్టెలు తీసి ఆరబెట్టే పని నాకిచ్చారు. మొదటిదే విరిచాను. "నువ్వు బయట కూసో అన్నా, అదే పెద్ద సాయం" అంది హనుమమ్మ.

ఈలోపు కుసుమకుమారి ఊరుకోలేదు. గుంతలోకి తొంగిచూసి, "పండుగ రొట్టె మంచిగున్నదా తమ్మీ? అవి మా ఇండ్లకు వచ్చేవి" అందట. నములుతున్న నోళ్లన్నీ ఆగిపోయాయట.

హనుమమ్మ మళ్లీ గంపతో వచ్చేసరికి గుంత మీద సెంట్రింగ్ చెక్కలు జతచేసి తీగతో బిగించి ఉన్నాయి. పక్కన పట్టుకోవడానికి వెదురుబొంగు. నాగేంద్రబాబు సింధనూరు కాలువ కింద సేద్యానికి వచ్చి స్థిరపడిన కోస్తా వాళ్లబ్బాయి. చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"రూలు ప్రకారం ఎవర్నీ నడవనివ్వకూడదండీ అమ్మా. మరేం చేస్తాం, రొట్టె తినేశాం కదండీ! నేనే ముందు నడిచి చూశానండి."

ఆయన భారీ ఒళ్లు చూస్తే ఇంకో పరీక్ష అక్కర్లేదు.

శరణబసవ గంప అందుకోబోయాడు. "గంప నాది. సైకిలు నువ్వు పట్టు" అందామె. వాడు సైకిలును భుజానికెత్తుకుని ముందు నడిచాడు. వెనక గంప నెత్తిన పెట్టుకుని హనుమమ్మ. వెదురుబొంగు వైపు చూడను కూడా లేదు. అటు చేరాక గంప క్యారియరుకు కట్టి సైకిలెక్కి, ఎదురుగా కనిపిస్తున్న కుసుమకుమారి గుమ్మం దాకా తొక్కుకుంటూనే పోయింది. నడిస్తే ఏం గొప్ప?

కుసుమకుమారి ఒక్కో రొట్టెనూ వెలుతురుకెత్తి చూసింది. పగులు కూడా లేదు. చివరిదాన్ని దించి, "లోపలికి రా అక్కా" అంది. అక్కడినుంచి తిరిగొచ్చేటప్పుడు గంప నిండా నూనెవంకాయ, పల్లీపొడి, పెసరగుగ్గిళ్లు.

సాయంత్రం నాగేంద్రబాబు చెక్కలు తీయించబోయాడు. అప్పటికే సైకిళ్లతో బడిపిల్లలు, చేతికర్రతో యమనూరప్ప తాత వరసలో ఉన్నారు. హనుమమ్మ పోయి చెక్కల మధ్యలో నిలబడింది.

"రేపు గూడ మనుషులు నడుస్తరు బిడ్డా."

"పైవాళ్లు అడిగితే ఏం చెప్పమంటారండీ?"

"హనుమమ్మ చెప్పింది అను."

ఆయన తల గోక్కున్నాడు. ఆ తర్వాత శరణబసవను పిలిచి రెండోపక్కన కూడా బొంగు కట్టించాడు. మోరీ మీద సిమెంటు మూతలు పరిచేదాకా ఆ చెక్కలను ఎవరూ కదపలేదు.

ఇప్పుడు వెనక వీధి తవ్వుతున్నారు. అక్కడ జేసీబీ కంటే ముందు చెక్కలొచ్చాయి. ఎందుకని అడిగినవాళ్లకు, "హనుమమ్మగారు చెప్పారండీ" అంటున్నాడట నాగేంద్రబాబు.