గుడ్డ టాపు కారూ బుడేన్ సాహెబూ

బుడేన్ సాహెబ్‌కు నచ్చిన వస్తువును ముప్పై ఏళ్లలో నేను చూడలేదు. చిత్తూరు కోర్టు వెనక సందులో ఆయనకొక అంగడి ఉండేది. జీపులకూ ఆటోలకూ టాపులు కుట్టేవాడు, సీట్లకు కవర్లు వేసేవాడు. ఎవరైనా బండి తెచ్చి ఆపితే ముందు బండిని చూసేవాడు కాదు. అంతకు ముందు ఎవరో వేసిన కుట్టును చూసేవాడు. చూసి ముక్కుతో ఒక శబ్దం చేసేవాడు. తుమ్ము కాదు, నవ్వు కాదు. అది విన్నాక బండి యజమానికి తన బండి మీదున్న ప్రేమ సగం తగ్గిపోయేది.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. సంతాప సభలో మాట్లాడినట్టు ఆయన గురించి రాయలేను. రాస్తే, ఆ కాగితాన్ని చూసి కూడా ఆయన అదే శబ్దం చేసి ఉండేవాడు.

మద్రాసు నుంచి వచ్చే రెడీమేడ్ టాపులను ఆయన గొడుగు గుడ్డలనేవాడు. ఫోన్‌లో ఆర్డరిచ్చి తెప్పించుకునే సీటు కవర్లను లుంగీలనేవాడు. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు నెల తిరక్కముందే వెళ్లిపోయేవాళ్లు. తాను పదేళ్ల కిందట కుట్టిన టాపు ఎదురుపడినా వదిలేవాడు కాదు. "ఆ పొద్దు నాకు జొరమొచ్చింటాది" అనేవాడు.

అయితే ఆయన కుట్టిన టాపు కారదు. కారదని నోటితో చెప్పేవాడు కాదు, చూపించేవాడు. టాపు బిగించాక తానే బండిలో కూర్చుని ఒడిలో ఆనాటి పేపరు పరుచుకునేవాడు. యజమాని బయట నిలబడి కుట్ల మీద నాలుగు బక్కెట్ల నీళ్లు పోయాలి. పేపరు మీద ఒక్క చుక్క పడినా టాపు మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టేవాడు. ఆయన కుట్టుకు ఇంకో గుర్తు ఉంది. అందరూ మూల దాకా కుట్టుకుంటూ వెళ్లి అక్కడ తిప్పుతారు. ఆయన మూల ఇంకా ఒక వేలెడు దూరం ఉండగానే తిప్పేసేవాడు. మూలలో సూది దిగితే అక్కడ నీళ్లు దిగుతాయని ఆయన లెక్క. ఆ పద్ధతి ఇంకెవరి చేతిలోనూ నేను చూడలేదు.

ఆయనకు ఒక్కతే కూతురు, రుహీ. చిన్నప్పుడు మిషను కింద కూర్చుని దారానికి మైనం పట్టించేది. పన్నెండేళ్లప్పుడు, తండ్రి నమాజుకు వెళ్లిన సమయంలో, ఒక ఆటో సీటు తానే కుట్టేసింది. నేనప్పుడు అంగట్లోనే ఉన్నాను. ఆయన వచ్చి, చూసి, బ్లేడు తీసి కుట్టంతా విప్పేశాడు. బాగుందనలేదు, బాగలేదనీ అనలేదు. ఆ పిల్ల మళ్లీ ఆ మిషను మీద చెయ్యి పెట్టలేదు.

పెద్దయ్యాక రుహీ తనకు నచ్చినవాణ్ణి చేసుకుంది. అతని పేరు తౌసిఫ్, తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద పాత కార్లు అమ్ముతాడు. సొట్టలకు పుట్టీ పూసి, రంగేసి, టైర్లకు నలుపు రాసి, గేటుకు "ప్రీమియం" అని బోర్డు పెట్టుకున్న మనిషి. బుడేన్ సాహెబ్ నికాకు వెళ్లాడు, అన్నం తిన్నాడు, తిరిగొచ్చి నాతో "పుట్టీ అల్లుడు" అన్నాడు. ఆ తర్వాత నాలుగేళ్లు వాళ్ల గడప తొక్కలేదు.

ఇక నా సంగతి. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. నా భార్య పంకజాక్షి పోయిన మరుసటి ఏడాది నాకు ఒక కారు మీద మనసు పడింది. తౌసిఫ్ దగ్గరున్న ఎర్ర కారది. ఏదో విదేశీ కంపెనీది. రెండు తలుపులు, రెండు సీట్లు, నెత్తిన రేకుకు బదులు నల్ల గుడ్డ. మీట నొక్కితే ఆ గుడ్డ మడతలు పడుతూ సీట్ల వెనక్కి వెళ్లి దాక్కుంటుంది. తౌసిఫ్ ఆ మడత పడేదాన్ని వీడియో తీసి, పాట తగిలించి, నాకు వాట్సాప్‌లో పంపాడు. నేను దాన్ని ఎన్నిసార్లు చూశానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఒక ఆదివారం పదకొండు గంటల ఎండలో టాపు తీసేసి ఇద్దరం వడమాలపేట దాకా వెళ్లొచ్చాం. ముందు మామిడికాయల లారీ, వెనక గ్రానైటు లారీ. దుమ్మంతా నా నోట్లోకే వచ్చింది. పక్కన ఆగిన బస్సులోంచి కండక్టరు వంగి నా బట్టతలను తీరిగ్గా చూశాడు. అరవై ఏళ్ల ముసలాడు బొమ్మ కారులో కూర్చున్నట్టు ఉంటుందని నాకూ తెలుసు. అయినా దిగబుద్ధి కాలేదు.

కారు ఐదు నెలలుగా అక్కడే పడి ఉందని తౌసిఫ్ దాచకుండానే చెప్పాడు. రుహీ గాజులు అమ్మి దాన్ని తెచ్చాడట. తిరుపతి, చిత్తూరుల్లో ఇలాంటిది కొనేవాడు ఇంకొకడు దొరకడు, సారు తీసుకుంటేనే మేం నిలబడతాం అన్నాడు. గుడ్డ టాపు గురించి నాకేమీ తెలియదు కాబట్టి అతని మామకు చూపిస్తానన్నాను. కాసేపు ఆలోచించి, మామ సరే అంటే ఇంకెవరూ కాదనరని ఒప్పుకున్నాడు.

చిత్తూరు వచ్చి బుడేన్ సాహెబ్‌కు మొత్తం చెప్పాను. కారెవరిదో, గాజుల సంగతేమిటో, ఆయన ఒక్క మాట మీద కూతురి సంసారం ఎలా ఆగి ఉందో, ఏదీ దాచలేదు. ఆయన మిషను ఆపకుండా విన్నాడు.

"జనం ఎండకని గొడుగు కొంటారు. నువ్వు గొడుగు తీసేసేదానికి లచ్చలు పోస్తాండావా అయ్యోరా?"

నేను ఫోన్ తీసి ఆ వీడియో చూపించాను.

"రెండే సీట్లు. పక్కన ఎవుర్ని కూర్చోబెడతావు?"

ఆ మాట అన్నాక మిషను ఆగింది. పంకజాక్షి కుర్చీకి దిండు కుట్టిచ్చింది ఆయనే. ఆదివారం పోదాం పద, అన్నాడు.

బస్సులో ఒడిలో సంచి పెట్టుకుని కూర్చున్నాడు. అందులో ఒక వంకీ తీగ, ఒక బ్లేడు, మడిచిన పేపరు ఉన్నాయి. తిరుపతి దాకా కూతురి పేరు ఎత్తలేదు.

తౌసిఫ్ కారును కడిగి, పూలదండ వేసి, బానెట్ మీద గంధం బొట్లు పెట్టించి ఉంచాడు. కొనేవాళ్లు హిందువులైతే ఇలా ముందే పూజ చేయించి పెడతాడట. బేరానికి మంచిదట. రుహీ ఆఫీసు గది గుమ్మం దగ్గర నిలబడి సలాం చెప్పింది. ఆయన తల ఊపి నేరుగా కారు వెనక్కి వెళ్లాడు.

టాపులో వెనక అద్దం చుట్టూ కొత్త కుట్టు కనిపించింది. పాత గుడ్డ అక్కడ చిరిగితే ఎవరో కొత్త పట్టీ వేసి కుట్టారు. ఆయన బొటనవేలు కుట్టు వెంబడి నడిపించాడు. మూలకు ఒక వేలెడు దూరంలో కుట్టు తిరిగింది. వేలు అక్కడే ఆగింది. రెండో మూల చూశాడు. అక్కడా అంతే. ఆ ముక్కు శబ్దం కోసం నేను ఎదురుచూశాను. రాలేదు.

"ఎవురు కుట్టినారు దీన్ని?"

"బెంగుళూరులో కుట్టించినా మామూ" అన్నాడు తౌసిఫ్.

ఆయన అతని వైపు ఒకసారి చూశాడు. పుట్టీ పూసిన సొట్టను ఎలా చూస్తాడో అలాగే. గుమ్మం వైపు చూడలేదు. పోయి కారులో దూరాడు. మోకాళ్లు గడ్డానికి తగిలేంత ఇరుకు. ఒడిలో పేపరు పరుచుకుని, పోయమన్నట్టు చెయ్యి ఊపాడు. రుహీ కొళాయి దగ్గర బక్కెట్లు నింపింది, తౌసిఫ్ పోశాడు. నాలుగు బక్కెట్లు అయ్యాయి. పేపరు మీద ఒక్క చుక్క లేదు.

తౌసిఫ్ మొహం వెలిగిపోయింది. ఆ పేపరు తీసి నాకు రెండు వైపులా తిప్పి చూపించాడు, పరీక్షలో తానే నెగ్గినట్టు. అడ్వాన్సుగా ఇవ్వడానికి తెచ్చిన చెక్కు కోసం నా చెయ్యి జేబులోకి వెళ్లింది కూడా. బుడేన్ సాహెబ్ మాత్రం దిగలేదు. తలుపు తెరిచి కిందికి వంగి నేలను చూస్తున్నాడు.

"నాలుగు బక్కెట్లు పోసినావు. నీళ్లు యాడికి పొయినాయిరా?"

అప్పుడు నేనూ చూశాను. పక్కలకు జారినంత మేరకు నేల తడిసింది. కారు వెనక భాగం కింద, నీళ్లు ధారగా దిగాల్సిన చోట, నేల పొడిగా ఉంది.

ఆయన తౌసిఫ్ చేతిలోంచి పేపరు తీసుకుని, కాళ్ల కింద పట్టా లేపి అక్కడ పెట్టి మడమతో అదిమాడు. బయటికి తీస్తే చాయ్ రంగులో తడిసి ఉంది. తుప్పు. తర్వాత టాపు సగం మడవమని చెప్పి, సీట్ల వెనక మడత పడేచోట చెయ్యి పెట్టి వెతికాడు. టాపు మీద పడ్డ నీళ్లు కిందికి పోవడానికి అక్కడ వేలు పట్టేంత తూము ఉంది, అవతలి పక్క ఇంకొకటి. వంకీ తీగను లోపలికి దింపి మెల్లగా లాగాడు.

బంతిపూల రేకులు వచ్చాయి, నల్లగా కుళ్లి, ముద్దగా. వాటి వెంట ఉబ్బిన బియ్యపు గింజలు, ఇంకా పసుపు వదలనివి. పూలదండ దారం ఒకటి జానెడు పొడుగున వచ్చింది. లాగేకొద్దీ వస్తూనే ఉన్నాయి. కారు మొదటి యజమాని తిరుపతిలో ఒక హోటలాయన కొడుకట. ప్రతి శుక్రవారం కారుకు పూజ చేసి అక్షింతలు చల్లేవాడట. రేకు టాపు మీదైతే అవి జారి రోడ్డున పడేవి. ఇక్కడ మీట నొక్కిన ప్రతిసారీ టాపు వాటిని జాగ్రత్తగా మూటగట్టి తూములోకి తోసింది. ఆ యజమాని తర్వాత తౌసిఫ్ బేరం కోసం ఇంకో మూడు పూజలు చేయించాడు. ఎన్ని వానల నీళ్లు ఎటూ పోలేక కారు అడుగున నిలిచిపోయాయో.

"దేవునికి ఏసే పూలు దేవుని ముందర ఏయల్ల. తూములో ఏస్తే ఆయనకేం అందుతాయి?" అన్నాడు బుడేన్ సాహెబ్. చెయ్యి తౌసిఫ్ తువ్వాలుకే తుడుచుకున్నాడు.

తౌసిఫ్ ఆయన చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లి ఉర్దూలో గొణిగాడు. తూము ఇప్పుడు శుభ్రమైంది కదా, అడుగున రేకు అతికిస్తాను, సారుకు ఆ సంగతి చెప్పాల్సిన పనేముంది, మీ బిడ్డ మొహం చూడండి అని. ఆ మాత్రం ఉర్దూ నాకూ వచ్చు. ఆయన చెయ్యి విడిపించుకుని వచ్చి కారు వెనక నిలబడ్డాడు. కొళాయి దగ్గరున్న రుహీకి వినిపించేంత గట్టిగా నాతో చెప్పాడు.

"కుట్టు బాగుండాది అయ్యోరా. నేను కుట్టినా ఇంతే. బండి మాత్రం కొనొద్దు. అడుగంతా పొయ్యింది."

తౌసిఫ్ ఏదో అనబోయి, సొంత బిడ్డ కడుపు కొట్టే తండ్రిని ఈడనే చూసినానని మాత్రం అన్నాడు. రుహీ కొళాయి కట్టేసింది. తడి చేతులతో వచ్చి తండ్రి ముందు నిలబడింది.

"ఏ కుట్టు అబ్బాజాన్ బాగుండేది?"

ఆయన బొటనవేలితో చూపించాడు.

"ఆటో సీటు కూడా ఇట్నే కుట్టినా ఆ పొద్దు" అంది.

ఆయన వేలు కుట్టు మీదే ఉంది. "ఔ. ఇట్నే ఉండె" అన్నాడు.

అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ అనలేదు. ముప్పై ఏళ్లలో ఆయన నోట బాగుందన్న మాట విన్నది ఆ ఒక్కసారే. ఆ మాటతోనే కూతురి బేరం చెడగొట్టాడు. వేరే మనిషైతే రెండింట్లో ఏదో ఒక మాట మింగేసి ఉండేవాడు. నేనైతే రెండూ మింగేవాణ్ణి. చెక్కును జేబులోనే ఉంచుకుని ఆయన వెనకే నడిచాను.

తిరుగు ప్రయాణంలో పూతలపట్టు దాకా ఆయన దేనికీ వంక పెట్టలేదు. అక్కడ బస్సు ఆగినప్పుడు ఆయన ముందు సీటు వెనక చిరుగులో వేలు పెట్టాడు. లోపలి కుట్టు చూసి ముక్కుతో ఆ శబ్దం చేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

తౌసిఫ్ ఆ కారును ముక్కలుగా అమ్ముకున్నాడు. ఒక్క టాపు మాత్రం రుహీ అమ్మనివ్వలేదట. ఆ తర్వాత ఆమె సోమవారం సోమవారం తిరుపతి నుంచి బస్సెక్కి చిత్తూరు వచ్చి తండ్రి మిషను మీద కూర్చునేది. ఆయన పక్కనే స్టూలు మీద కూర్చుని ఆమె కుట్టే ప్రతిదాన్నీ తిట్టేవాడు. ఆమె వినేది కాదు. ఇప్పుడు అంగడి ఆమెదే, వారమంతా తెరిచే ఉంటుంది.

పోయిన నెల మా తోటకు పాత జీపు ఒకటి కొన్నాను. దానికి టాపు కుట్టించడానికి తీసుకెళ్తే రుహీ ముందు పాత టాపు కుట్టు చూసింది, తర్వాత నన్ను చూసింది. ఏమీ అనలేదు. అనాల్సింది ముక్కుతోనే అనేసింది. వారానికి కొత్త టాపు బిగించి, లోపల కూర్చుని ఒడిలో పేపరు పరుచుకుని నన్ను పోయమంది. నాలుగు బక్కెట్లు పోశాను. పేపరు పొడిగా ఉంది. ఆమె దాన్ని పట్టించుకోకుండా తలుపులోంచి కిందికి వంగి, నేల ఎక్కడెక్కడ తడిసిందో చూసింది.