ప్రశ్నలొద్దన్న మా ఆడపడుచు

పోయిన నెల బాపట్ల నుంచి ఫోన్ వచ్చింది. చేసింది మా ఆడపడుచు ఇంట్లో పై వాటాలో ఉండే అమ్మాయి. ఒకప్పుడు ఆమె దగ్గరే చదువుకుంది. "మామ్మగారూ, బాగున్నారా? భోజనాలయినాయా?" అంది. అయినాయమ్మా అన్నాను. "కూర్చునే ఉన్నారా?" అంది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. మా ఆడపడుచు మధ్యాహ్నం అన్నం తిని, వాలుకుర్చీలో పేపరు చదువుకుంటూ అలాగే పోయిందట. బాధేమీ పడలేదట.

ఏడ్చాను. ఏడుస్తుండగానే, సిగ్గులేకుండా, నవ్వు కూడా వచ్చింది. మన తెలుగువాళ్ళం చావు కబురైనా సరే ముందు రెండు మూడు ప్రశ్నలు అడగందే చెప్పలేమని ఆమె నాతో పందెం వేసేది. పోతూ పోతూ ఆ పందెం కూడా గెలిచింది, మహాతల్లి.

ఆమె మా ఆయనకు చెల్లెలు. నాకంటే రెండేళ్ళు చిన్న. చదువుకున్నవాళ్ళందరికీ ఆమె ప్రొఫెసరుగారు. మాట రాని పసిపిల్లలకు చదువు చెప్పడం ఎలాగో టీచర్లకు నేర్పింది. ఆటిజం మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసింది. ఆ సంగతులు రాసేవాళ్ళు వేరే ఉంటారు. నాకు మాత్రం ఆమె ఆడపడుచు, నా నోరు మూయించిన ఒకే ఒక్క మనిషి. చిన్నప్పుడు నాకు వస ఎక్కువ పోశారని మా పుట్టిల్లు చేబ్రోలులో ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటిదాని నోరు మూయించడమంటే మాటలు కాదు.

అరవైల చివర్లో సంగతి. మాది రేపల్లె. మా అబ్బాయికి నాలుగో ఏడు వచ్చినా మాట రాలేదు. పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. గిన్నె మూత బోర్లించి గిరగిర తిప్పుకుంటూ పొద్దంతా కూర్చునేవాడు. చెవుడేమో అన్నారు కొందరు. చెవుడైతే వీధి చివర ఐసు బండి గంట అందరికంటే ముందు వాడికెలా వినపడుతుంది? మా అత్తగారు వస కొమ్ము అరగదీసి అరగదీసి వాడి నాలుకకు రాసింది. ఇంటికొచ్చినవాళ్ళల్లా వాడి గడ్డం పట్టుకుని "నీ పేరేంటి? మీ నాన్న పేరేంటి? అమ్మంటే ఇష్టమా, నాన్నంటే ఇష్టమా?" అని అడిగేవాళ్ళు. మా అత్తగారు అరిసె ముక్క చూపించి, "అమ్మ అంటావా? అంటే ఇస్తా" అనేది. వాడు చెవులు మూసుకుని మంచం కిందికి దూరిపోయేవాడు.

ఇలాంటి పిల్లల్ని ఉంచుకునే చోటు మద్రాసులో ఒకటుందని ఎవరో మా ఆయన చెవిన వేశారు. కోతలు కాగానే తీసుకెళ్ళి అక్కడ చేర్పించాలని ఆయన నిశ్చయించారు. ఆయనేం రాతిగుండె మనిషి కాదు. మన తర్వాత వీణ్ణెవరు చూస్తారన్నదే ఆయన దిగులు. నాకు మాత్రం అన్నం ముద్ద లోపలికి దిగేది కాదు. వాణ్ణి వదిలి తిరుగు రైలెక్కడం ఊహకే అందేది కాదు.

అదిగో, అప్పుడొచ్చింది మా ఆడపడుచు. బాపట్లలో టీచర్లకు శిక్షణ ఇచ్చే కాలేజీలో కొత్తగా ఉద్యోగం వచ్చింది ఆమెకు. పిల్లలు ఎలా పెరుగుతారో, ఎలా నేర్చుకుంటారో పాఠం చెప్పాలి. సెలవుకని రేపల్లె వచ్చి, చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, మేనల్లుణ్ణి పలకరించకుండా వాడి పక్కనే నేల మీద కూర్చుంది. ఎదురుగా కాదు, పక్కన. వంటింట్లోంచి ఇంకో మూత తెచ్చుకుని తనూ తిప్పడం మొదలుపెట్టింది. మధ్యాహ్నమంతా అదే పని.

"ఉద్యోగం చేసే పిల్ల మూతలు తిప్పుకుంటా కూర్చుందేంటే!" అని మా అత్తగారు నెత్తిన చేతులు పెట్టుకుంది. ఆడపడుచు వేలు నోటి మీద పెట్టుకుని చూడమంది. ఆమె మూత పడిపోయింది. మా వాడు తన మూతను ఆమె వైపు జరిపాడు. పుట్టినప్పటి నుంచి వాడు ఎవరికైనా ఏదైనా ఇవ్వడం అదే మొదలు.

ఆ సాయంత్రమే అన్నగారిని పట్టుకుంది. "అన్నయ్యా, నాకు ఒక్క పంట టైమియ్యి. వచ్చే కోతలదాకా వీణ్ణీ వదిననీ బాపట్లలో నాతో ఉంచు. అప్పటికీ నీకు నమ్మకం కుదరకపోతే మద్రాసుకు నేనే తీసుకెళ్తాను."

"అక్కడ వాణ్ణేం చేస్తావమ్మా?" అన్నారాయన.

"ఏమీ అడగను," అంది.

అప్పుడు అర్థం కాలేదు. మర్నాటి నుంచి అర్థమైంది, అందరికీ చుక్కలు కనపడ్డాయి. రేపల్లెలో అయినా, బాపట్లలో అయినా వాడి ముందు ఎవరూ ప్రశ్న అడగకూడదని రూలు పెట్టింది. కళ్ళకు కనిపించింది చెప్పాలి, చెప్పి ఆగాలి. అన్నం తింటావా అనకూడదు. అన్నం వేడిగా ఉంది అనాలి. మన ఇళ్ళల్లో ప్రశ్న లేకుండా పలకరింపే లేదని నాకు అప్పుడే తెలిసింది. మా అత్తగారు "అయితే ఇంక నేను మాట్లాడేదేంటే?" అని మొదలుపెట్టి, అదీ ప్రశ్నేనని నాలుక కరుచుకునేది. "పెళ్ళెప్పుడు చేసుకుంటావే?" అని కూతుర్ని అడిగితే, "అమ్మా, ఈ ఇంట్లో ప్రశ్నలు నిషేధం" అని ఠపీమని అనేది ఆడపడుచు. వాడి పేరు చెప్పుకుని తను జన్మంతా తప్పించుకుంది, గడుసుపిండం.

మా ఆయన సరేనన్నారు. ఇంక ప్రతి సోమవారం పొద్దున్నే నేనూ వాడూ రేపల్లెలో ప్యాసింజరు ఎక్కి, తెనాలిలో దిగి, బండి మారి బాపట్ల. శనివారం మళ్ళీ వెనక్కి, చాలాసార్లు ఆడపడుచుతో కలిసి. తెనాలి స్టేషనంటే మా వాడికి హడలు. ఆ జనం, ఆ కేకలు, ఇడ్లీ వడ అని అరుపులు వినపడగానే ప్లాట్‌ఫారం మీద పడి దొర్లేవాడు. అందుకని బండి ఇంకా ఆగకముందే ఆడపడుచు చంకలో తువ్వాలు పెట్టుకుని సిద్ధంగా ఉండేది. ఆగగానే ఒకటే పరుగు. గంజి పెట్టిన చీర, చేతికి వాచీ, కాలేజీ లెక్చరరు. రేపల్లె బండి కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపేది. "టీచరుగారూ, మీరేంటండీ ఈ పరుగు!" అని తెలిసినవాళ్ళు నవ్వేవాళ్ళు. "మా మేనల్లుడికి కిటికీ కావాలండి" అనేది, రొప్పుతూ. కిటికీ దగ్గర కూర్చుంటే వాడు ఇంక కిక్కురుమనడు. బయట పొలాలు తిరుగుతుంటే మూత తిరిగినట్టే చూసేవాడు.

కాలేజీకి ఆనుకుని చిన్నపిల్లల బడి ఒకటుండేది. శిక్షణకొచ్చిన అమ్మాయిలు పిల్లల్ని గమనించడానికి పెట్టింది. పేచీ పెట్టే పిల్లాడైతే తీసేస్తామని పెద్దలు ముందే చెప్పారు. ఆమె వాడికి మూలగా ఒక చాప వేసి, మిగతా పిల్లల్లో ఒక్కొక్కరినే తీసుకొచ్చి ఆ చాప మీద పక్కన కూర్చోబెట్టేది. పిల్లలకు మాత్రం ఆ ప్రశ్నల రూలు ఇట్టే పట్టుబడింది. పెద్దవాళ్ళతోనే చావొచ్చింది. చూడ్డానికొచ్చిన ఒక పెద్దాయన "వీడికి ఎన్ని అంకెలు వచ్చండి?" అని అడిగితే, "మా వాడు పరీక్ష రాయడానికి పుట్టలేదండి, బతకడానికి పుట్టాడు" అంది నవ్వుతూనే. ఆయన గొంతు సవరించుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయారు.

నెలలు గడిచాయి. వాడు చాప మీద నుంచి లేచి పిల్లల మధ్యకు వచ్చాడు కానీ మాట రాలేదు. నేను రైల్లో స్టేషన్ స్టేషన్‌కీ "జంపని వచ్చింది, వేమూరొచ్చింది, భట్టిప్రోలొచ్చింది" అని పురోహితుడు మంత్రం చదివినట్టు చదివేదాన్ని. పొలాల్లో వరి ఈనింది. కోతలు దగ్గర పడుతున్నకొద్దీ నాకు నిద్ర కరువైంది.

ఒక శనివారం ఆడపడుచుకు కాలేజీలో పని పడి, నేనూ వాడే బయల్దేరాం. నాకు పన్నునొప్పి. దవడ బూరెలా వాచిపోయింది, నోరు తెరిస్తే ప్రాణం పోతోంది. చినరావూరు పోయింది, జంపని పోయింది, నేను మాట్లాడలేదు. వేమూరులో బండి ఆగింది. నేను దవడ పట్టుకుని కూర్చున్నాను. వాడు కిటికీలోంచి చూశాడు. నా వైపు తిరిగి నా నోటి వంక చూశాడు. మళ్ళీ బయటికి చూసి, చాలా మామూలుగా, "వేమూరొచ్చింది" అన్నాడు.

నా ప్రాణం లేచి వచ్చింది. ఏంటి నాన్నా? ఏమన్నావు? మళ్ళీ అంటావా? అన్నీ గొంతుదాకా వచ్చేశాయి. ఆడపడుచు మొహం గుర్తొచ్చి వాటన్నిటినీ మింగాను. పన్నునొప్పి మింగినదానికంటే కష్టపడి మింగాను. "అవును నాన్నా, వేమూరొచ్చింది" అని మాత్రం అన్నాను. వాడు తల ఊపాడు. రేపల్లెదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. ఎదురుగా కూర్చున్నావిడ పన్నునొప్పి అనుకుని లవంగం ఇచ్చింది.

ఇంట్లో చెబితే మా అత్తగారికి సంతోషమూ, ఉక్రోషమూ కలిసి వచ్చాయి. "కన్నతల్లిని పిలవకుండా వేమూరేంటే? మనకి వేమూరులో ఎవరున్నారని?" అంది. సోమవారం బాపట్లలో ఆడపడుచుకు చెప్పాను. స్టేషన్లోనే నన్ను ఎత్తి తిప్పబోయి తనూ పడబోయింది. "నీ పన్నుకు దండం పెట్టాలి వదినా! చెప్పి, ఆగమని కదా నేను మొత్తుకునేది? నువ్వు చెప్పేదానివే కానీ ఎన్నడన్నా ఆగావా?" అంది. నవ్వలేక చచ్చాం ఇద్దరం.

కోతలయ్యాయి. మా ఆయన మద్రాసు సంగతి ఎత్తకుండా, ఈ శనివారం నేనూ బాపట్ల వచ్చి మీతో తిరిగొస్తానన్నారు. వేమూరు దగ్గర పడుతుంటే నేనూ ఆడపడుచూ వాడి వైపే చూస్తున్నాం. బండి ఆగింది. మా వాడు వెంటనే అనలేదు. మా ఆయన నోరు తెరవబోతే ఆడపడుచు ఆయన మోకాలు నొక్కింది. అప్పుడన్నాడు వాడు, "వేమూరొచ్చింది" అని. దానికి తోడు ఇంకో మాట కూడా అన్నాడు: "నాన్నొచ్చాడు." మా ఆయన తల తిప్పుకుని భట్టిప్రోలుదాకా బయటికే చూస్తూ కూర్చున్నారు. మద్రాసు మాట మా ఇంట్లో మళ్ళీ వినపడలేదు.

డెబ్భైల్లో ఆమె పరిశోధన మొదలుపెట్టింది. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పసిపిల్లలతో ఎలా మాట్లాడతారన్నదే విషయం. పెద్ద టేపు రికార్డరు రిక్షాలో పెట్టుకుని పిట్టలవానిపాలెం, పేరాల, ఎక్కడికైనా వెళ్ళేది, నన్నూ వెంటేసుకుని. పేరాలలో ఒక నేతవారింట్లో ఆ పెట్టె చూసి రేడియోవాళ్ళు వచ్చారనుకున్నారు. మగ్గం ఆపేశారు. ఆడవాళ్ళు గబగబా కొత్త చీరలు కట్టుకుని వరసగా కూర్చుని మంగళహారతి పాడేశారు. "పాట వద్దమ్మా, మామూలుగా మాట్లాడుకోండి" అని ఆమె ఎంత చెప్పినా, "మా పాట ఎన్నింటికి వచ్చిద్దండీ?" అని ఒకటే అడగడం. పాపం, వాళ్ళ మనసు కష్టపెట్టడం ఇష్టం లేక రెండో హారతి కూడా రికార్డు చేసుకుంది.

డాక్టరేటు వచ్చినప్పుడు, అంత పెద్ద పుస్తకంలో ఏం రాశావమ్మాయ్ అని అడిగాను. "ఏముంది వదినా, కాసేపు నోరు మూసుకోమని" అంది. ఆమె దగ్గరికొచ్చిన తల్లులు ఏడుస్తూ వచ్చేవాళ్ళు. ముందు కాఫీ ఇచ్చేది. తర్వాత పిల్లాడి పక్కన నేల మీద కూర్చునేది. చివరికి వాళ్ళు నవ్వుతూ వెళ్ళేవాళ్ళని నేనంటే అతిశయోక్తి అనుకుంటారు. నవ్వకుండా వెళ్ళినవాళ్ళు మళ్ళీ వచ్చేవాళ్ళు, అంతే.

మా వాడు పెద్దవాడయ్యాడు. రేపల్లె రైసుమిల్లులో సంచులు కుట్టే పనిలో కుదురుకున్నాడు. తెనాలి స్టేషన్ భయం పోయింది. పోవడమే కాదు, తువ్వాలు పని వాడే తీసుకున్నాడు. మేనత్తకు వయసు మీద పడ్డాక, బండి ఆగగానే వీడే పరుగెత్తి కిటికీ సీటులో తువ్వాలు వేసి, ఆవిడ వచ్చేదాకా పక్కన కాపలా కూర్చునేవాడు. కావలసినవన్నీ చెబుతాడు. ఆకలేస్తోంది, చొక్కా చిరిగింది, అత్త నవ్వింది. ఒక్కటి మాత్రం లేదు. ఎవర్నీ ఏదీ అడగడు. అరవయ్యో పడి వచ్చేదాకా ఒక్క ప్రశ్న అడిగి ఎరగడు. ఒకసారి నేను, నీ రూలు మరీ గట్టిగా పట్టేసుకున్నాడమ్మాయ్ అని దెప్పాను. ఆమె నవ్వలేదు. "అడుగుతాడు వదినా. వాడికి తెలిసితీరాల్సింది ఒకటి తగలాలి కదా. తొందరేముంది?" అంది.

బాపట్లలో కర్మకాండలన్నీ అయ్యాక నేనూ వాడూ తిరిగి వస్తున్నాం. అక్కడ వాడు ఆమె పక్కన నేల మీద కూర్చుని, "అత్త పడుకుంది" అన్నాడు, అంతే. తెనాలిలో బండి ఆగగానే అలవాటుగా పరుగెత్తాడు. నేను కర్ర పొడుచుకుంటూ వెళ్ళేసరికి రేపల్లె బండిలో కిటికీ సీటు మీద తువ్వాలు పరిచి ఉంది. పక్కన వాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. వాడు ప్లాట్‌ఫారం వైపే చూస్తున్నాడు. కూత పడింది, బండి కదిలింది. వాడు తువ్వాలు చూశాడు, నన్ను చూశాడు.

"అమ్మా, అత్త ఏది?" అన్నాడు.

ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన ప్రశ్న. విన్నావా అమ్మాయ్ అని చెప్పుకోవడానికి ఉన్న ఒక్క మనిషీ లేదు. ఏడుపూ సంతోషమూ ఏది ఏదో తెలియకుండా వచ్చేశాయి నాకు. ఆమె నేర్పినట్టే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "అత్త చనిపోయింది నాన్నా. ఇంక రైలెక్కదు." చెప్పి ఆగాను.

వాడు చాలాసేపు పొలాలు చూశాడు. నిలబడి ఉన్న ఒకాయన వంగి, "ఇక్కడ ఎవరన్నా ఉన్నారా పిన్నిగారూ?" అని అడిగాడు. నేను సర్దుకునేలోపు మా వాడే జవాబు చెప్పాడు.

"అత్త సీటు."

ఆయన నా మొహం చూసి, పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. వేమూరొచ్చిందని ఆ రోజు మా ఇద్దరిలో ఎవరమూ అనలేదు. కిటికీ గాలికి తువ్వాలు అంచు లేచినప్పుడల్లా, వాడు అరచేత్తో దాన్ని రేపల్లెదాకా సర్దుతూనే ఉన్నాడు.